సంఘం బండికి మైకు సెట్టు



పోయిన నెల మీటింగులో లెక్కలు చదివినప్పుడు వెనక వరసలోంచి ఒక ప్రశ్న వచ్చింది. "బండికి మైకు సెట్టు కొనడానికి అయిదు వారాలు ఎందుకు పట్టింది? అంగడికి పోతే అర్ధగంట పని గదా?" అని. అప్పుడు టైము లేక నవ్వి ఊరుకున్నాం. ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాం. పోస్టు పెద్దది. టీ పక్కన పెట్టుకుని చదవండి.

మేము అంటే ఇద్దరం. స్ప్లెండరు తోలేది ఒకరు, వెనక కూర్చుని దారి చెప్పేది ఒకరు. తోలేది రైల్వేలో గూడ్సు గుమాస్తాగా రిటైరైన మనిషి. ఈ పోస్టు రాస్తున్నదీ ఆ మనిషే. మా చదువంతా అరక్కోణంలో తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, ఇరవై ఏళ్ళు దాటేదాకా తెలుగు రాయడం రాదు. ఉద్యోగం పేరుతో ఇటు వచ్చాక, స్టేషన్ బోర్డుల మీద ఒకే పేరు వేరే వేరే లిపుల్లో ఉంటుంది గదా, వాటిని పక్కపక్కన పెట్టి చూసుకుంటూ అక్షరాలు కూడబలుక్కున్నాం. మా ఇంటావిడ పుట్టింది, పెరిగింది బళ్ళారిలోనే. ఆమె చదివింది కన్నడ మీడియం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయినప్పుడు ఆమె పుట్టింటివాళ్ళలో సగం మంది ఆ పక్క, సగం మంది ఈ పక్క మిగిలిపోయారు. ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన సంఘంలో ఒక కబురు అందరికీ అందాలంటే ఎన్ని భాషలు, ఎన్ని రకాల చెవులు దాటాలో మా ఇంట్లోనే తెలుస్తుంది.

ఇక విషయానికి వస్తాం.

మనమందరం మామ అని పిలిచే పెద్దాయన పోయిన కార్తీకంలో కాలం చేసిన సంగతి మీకు తెలుసు. పొద్దున ఆరు గంటలకు పోయారు. ఏడుకల్లా గ్రూపులో పెట్టేశాం. పెట్టిన అయిదు నిమిషాల నుంచి చేతులు జోడించే బొమ్మలు వస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నం మూడు గంటలకు అంతా అయిపోయింది. జనం కూడా బాగానే వచ్చారు. సంఘం తరఫున చేయాల్సింది సరిగ్గా చేశామనుకున్నాం.

నాలుగో రోజు ఆదివారం. మామ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాం. కౌల్ బజార్ నుంచి కటింగ్ మాస్టరు తాత వచ్చారు. జీన్సు యూనిట్లలో ఏళ్ళ తరబడి గుడ్డ కత్తిరించిన మనిషి. ఎనభై దాటాయి. ప్రతి ఆదివారం మామ దగ్గరికి వచ్చి ఇద్దరూ ఒకే పేపరు పంచుకుని చదవడం వాళ్ళ అలవాటు. ఆ రోజు కూడా చంకలో పేపరు పెట్టుకునే వచ్చారు. లోపల ఫోటో ముందు వెలుగుతున్న దీపం చూసి గడప దగ్గరే నిలబడిపోయారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా వైపు తిరిగి, "పిడికెడు మట్టి వేసే రాత కూడా నాకు లేకపోయె. కౌల్ బజార్ ఎంత దూరమప్పా? నన్ను మర్చిపోయినారా?" అన్నారు.

మేము జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. గ్రూపులో ఆయన లేరు. ఆయన గ్రూపులో లేరన్న సంగతి ఆ పొద్దున మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ నెల కమిటీలో ఈ మాట పెట్టాం. ఫోను లేనివాళ్ళకు కబురు అందాలంటే వీధుల్లో చెప్పించాలని అందరూ అన్నారు. ఆటో మాట్లాడితే ప్రతిసారీ బాడుగ. పైగా కౌల్ బజార్ సందుల్లో ఎదురుగా ఇంకో ఆటో వస్తే రెండూ నిలబడిపోతాయి. మోటారు సైకిలైతే ఎక్కడికైనా దూరుతుంది. బండి, పెట్రోలు మావే ఇస్తామన్నాం. మైకు సెట్టుకు సంఘం ఆరు వేలు మంజూరు చేసింది. కొనే బాధ్యత కూడా మా మీదే పడింది.

కుర్రవాళ్ళు, "అన్నా, తీసుకునేది తీసుకుంటారు, 250 వాట్లది, లైట్లు వెలిగేది తీసుకోండి" అన్నారు. పెద్దవాళ్ళు, "ఎలక్షన్ ఆటో మాదిరి బజారంతా వినపడాల" అన్నారు. మేమూ అప్పటికి అదే అనుకున్నాం. ఎంత పెద్ద శబ్దమైతే అంత మంచి సెట్టు అనే లెక్కతోనే బెంగళూరు రోడ్డు మీది అంగళ్ళకు బయలుదేరాం.

మొదటి అంగట్లో అబ్బాయి ఒక డబ్బా చూపించి, "సార్, వెయ్యి వాట్లు, రెండు వేలకే ఇస్తా" అన్నాడు. అట్ట పెట్టె మీద వెయ్యి అంకె పెద్దగా, దాని పక్కన పీఎంపీఓ అని చిన్నగా ఉంది. గూడ్సులో పని చేసినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. వ్యాగన్ మీద ఖాళీ బరువు వేరే, మోయగల బరువు వేరే రాసి ఉంటాయి. ఏ అంకె దేనిదో చూడకుండా సంతకం పెట్టం. డబ్బాకు కరెంటు ఇచ్చే అడాప్టరు తీసి చూశాం. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. హెచ్చిస్తే 24 వాట్లు. లోపలికి పోయేదే 24 అయితే బయటికి వెయ్యి ఎట్ల వస్తుందని అడిగాం. అబ్బాయి నవ్వి, "అది కంపెనీవాళ్ళు వేస్తారు సార్" అన్నాడు. పీఎంపీఓ అనేది క్షణకాలం కూడా నిలవని శిఖరాన్ని లెక్కగట్టి వేసే అంకె. చూడాల్సింది ఆర్ఎంఎస్ అనే అంకె. అది నిలకడగా ఇచ్చే శక్తి. పెట్టె మీద అది లేకపోతే అడాప్టరో బ్యాటరీయో చూసి మనమే హెచ్చించుకోవాలి. మీ పిల్లలకు స్పీకరు కొన్నా ఈ లెక్క పనికొస్తుంది.

మూడు వారాల్లో ఆరు అంగళ్ళు తిరిగాం. మా డబ్బుకు అందే సరుకు నాలుగు రకాలని తేలింది.

మొదటిది హ్యాండిల్‌కు బిగించే జత స్పీకర్లు. పన్నెండు వందలు చెప్పారు. పెన్‌డ్రైవు పెడితే పాటలు వస్తాయి, వానకు తడవవు. కానీ అవి తోలేవాడి కోసం చేసినవి. మొహం వాడి వైపే ఉంటుంది, ఇరవై అడుగులు దాటితే మాట అర్థం కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. చెవి దగ్గర పాట మోగుతుంటే వెనకొచ్చే లారీ హారను వినపడదు. సండూరు వైపు ఖనిజం లారీలు తిరిగే రోడ్లు మన జిల్లావి. సరదాకు పెట్టించుకుందామనుకునే కుర్రవాళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

రెండోది బ్లూటూత్ పార్టీ స్పీకరు. పెళ్ళిలో పాటకు బాగుంటుంది. దాని బలమంతా దుం దుం అనే దిగువ శబ్దంలో ఉంది. మనిషి మాటకు ఆ దుం దుం అక్కర్లేదు. పాత టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోసేది. ఆ ఇరుకు దారిలోనే మనం ఇన్నేళ్ళు పెళ్ళి సంబంధాలు కూడా మాట్లాడుకున్నాం గదా.

మూడోది చేతిలో పట్టుకునే మెగాఫోను. పద్నాలుగు వందలు. వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవచ్చు. ఒక సందుకైతే చాలు. పది వీధులు తిరిగేసరికి చెయ్యి పడిపోతుంది.

నాలుగోది గొట్టం. ఉల్లిగడ్డలు, పాత ఇనుప సామాన్లు అని తిరిగే బండ్ల మీద చూస్తుంటాం గదా, అదే. వెనక ఒక యూనిట్, దానికి 12 వోల్టుల మీద నడిచే చిన్న ఆంప్లిఫయరు. చూడ్డానికి మోటుగా ఉంటుంది. కమిటీ కుర్రవాళ్ళు ఫోటో చూసి మొహం చిట్లించారు. కానీ పని దానిదే.

ఎందుకో చెబుతాం. మామూలు డబ్బా స్పీకరుకు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో సుమారు 88 డెసిబెల్స్ శబ్దం వస్తుంది. గొట్టం యూనిట్‌కు అదే ఒక వాటు ఇస్తే 105 దాకా వస్తుంది. శబ్దాన్ని చుట్టూ చెదరనివ్వకుండా గొట్టం ఒక వైపుకు తోస్తుంది. ఈ 17 డెసిబెల్స్ తేడాను వాట్లలోకి మారిస్తే దాదాపు యాభై రెట్లు. అంటే డబ్బాకు యాభై వాట్లు ఇచ్చి తెప్పించే శబ్దాన్ని గొట్టం ఒక వాటుతో ఇస్తుంది. ఇంకొకటి, వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 20 వాట్లదానికీ 40 వాట్లదానికీ ధరలో తేడా జేబుకు తెలుస్తుంది గానీ చెవికి పెద్దగా తెలియదు.

దూరం లెక్క కూడా వేసుకోండి. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతాయి. మీటరు దగ్గర 105 ఉంటే 32 మీటర్ల దగ్గర 75. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట 60 ఉంటుంది. అంటే ఒక్క వాటుతోనే ముప్పై మీటర్ల అవతలికి మామూలు మాట కంటే గట్టిగా వినపడుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు మేమే నమ్మలేదు. అందుకే దాన్ని పక్కన పెట్టి, వచ్చిన మొదటి రోజే తప్పు చేశాం. అది తర్వాత చెబుతాం.

బ్యాటరీ సంగతి. మా స్ప్లెండరు బ్యాటరీ మీద 12 వోల్టులు, 3 ఆంపియర్ అవర్లు అని ఉంది. దాని మీద 3 ఆంపియర్లు లాగే ఆంప్లిఫయరు పెడితే, కాగితం మీద గంట, నిజంగా చూస్తే ఇంకా తక్కువ. బండి ఆపి మాట్లాడుతున్నప్పుడు చార్జింగు కూడా ఉండదు. చావు కబురు చెప్పడానికి పోయి వీధి మధ్యలో బండి తోసుకుంటూ రావడం బాగుండదు. అందుకని బండి వైరింగు ముట్టుకోలేదు. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల మూసిన బ్యాటరీ వేరే కొని సైడు పెట్టెలో పెట్టాం. ఇంట్లో చార్జి చేసుకోవచ్చు. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు వేయించాం. పెట్టె అంచుకు వైరు ఒరుసుకుని షార్టయితే మంట వచ్చేలోపు ఫ్యూజు పోవాలి. గొట్టాన్ని వెల్డింగు చేయించలేదు, క్లాంపులతో వెనక క్యారియరుకు కట్టాం. పని కాగానే ఊడదీస్తాం. బండి ఆకారం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. లౌడ్‌స్పీకరు వాడాలంటే రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోవాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట వాడకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. చావు ముందుగా చెప్పి రాదు, పర్మిషన్ కోసం రెండు రోజులు ఆగలేం. అందుకని దరఖాస్తు ముందే టైపు చేయించి, పేరు, తేదీ, వీధుల జాగా ఖాళీగా వదిలి పది కాపీలు ఫైల్లో పెట్టుకున్నాం. స్టేషనుకు ముందే ఒకసారి పోయి సంగతి చెప్పి వచ్చాం. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది?

నాలుగో వారం సెట్టు బిగించాం. ట్రయలు చూద్దామని, స్టేషనులో చెప్పి, ఒక పొద్దున పది గంటలకు గాంధీనగర్ వైపు ఒక సందులోకి పోయాం. సంఘం సర్వసభ్య సమావేశం తేదీ చెప్పాలి. బండి మెల్లగా పోతూనే ఉంది. మైకు తోలే మనిషి చేతిలో ఉంది. శబ్దం సరిపోలేదనిపించి బిర్రు మొత్తం తిప్పాం. మా ఇంటావిడ వెనక నుంచి భుజం మీద తడుతూనే ఉంది. ఉత్సాహంలో పట్టించుకోలేదు.

మూడో ఇంటి నుంచి ఒకామె పరుగున బయటికి వచ్చింది. "ఏమన్నా ఇది? మా ఆయన రాత్రంతా డ్యూటీ చేసి ఇప్పుడే కన్ను మూసినాడు. ఏమైందో ఏమో అని గుండె జారిపోయింది. ఇంతకీ ఏం చెప్పినారు మీరు?" అంది.

మేము తల దించుకున్నాం. ఇల్లంతా అదిరింది, నిద్ర పోయింది, మాట మాత్రం అర్థం కాలేదు. తప్పయిందమ్మా అని చెప్పి, ఇంజను ఆపి, సందు బయటిదాకా బండి తోసుకుంటూ వచ్చాం.

ఇంటికి వచ్చాక మా ఇంటావిడ ఒకే మాట అంది. "నీకు ఎంత వినపడితే అంత తిప్పినావు. నీ చెవి బాగుందా?"

నిజం చెప్పాలంటే టీవీ సౌండు గురించి రెండేళ్ళుగా ఇంట్లో గొడవే. మరుసటి వారం చెవి డాక్టరు దగ్గరికి పోయాం. గదిలో కూర్చోబెట్టి, చెవులకు పెట్టి, కీచుమనే శబ్దాలు ఒక్కొక్కటి వినిపించి కాగితం మీద గీత గీశారు. గీత ఎడమ పక్క బాగానే ఉండి కుడి పక్క జారిపోయింది. వయసుతో వచ్చే చెవుడు ముందు పై శబ్దాలను తీసుకుపోతుందట. అచ్చుల బలం కింది శబ్దాల్లో ఉంటుంది, అవి వినపడతాయి. స, శ, త, క లాంటి హల్లులు సన్నగా పైన ఉంటాయి, అవి జారిపోతాయి. అందుకే పెద్దవాళ్ళకు ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. అరిచి చెబితే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి. మెల్లగా, విడమరిచి, ఎదురుగా నిలబడి చెబితే అర్థమవుతుంది.

ఆ కాగితం చేతిలో పట్టుకుని ఇంటికి వస్తుంటే మాకు ఒక సంగతి తట్టింది. ఈ సెట్టు మనం ఎవరి కోసం కొన్నాం? ఫోను లేనివాళ్ళ కోసం. ఫోను లేనివాళ్ళలో ఎక్కువమంది ఎవరు? మా గీత లాంటి గీత ఉన్నవాళ్ళే. అయిదు వారాలు వాట్ల గురించి తిరిగాం. వినేవాళ్ళ చెవి గురించి ఒక్క రోజు కూడా ఆలోచించలేదు.

అయిదో వారం పద్ధతి మార్చాం. మారింది సెట్టు కాదు, వాడే తీరు. మాట మా ఇంటావిడదే అని తేల్చుకున్నాం. తమిళంలో చదివిన నోటికి "ధ", "భ" ఇప్పటికీ తిన్నగా పలకవు. మనవళ్ళు మా గొంతు రికార్డు చేసి విని పడీ పడీ నవ్వారు. ఆమె తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి చెబుతుంది. బండి నడుస్తుండగా చెప్పం. మలుపులో ఆపి, ఇంజను ఆపి, గొట్టం సందు వైపు తిప్పి చెబుతాం. బిర్రు పావు వంతే. దాని మీద తెల్ల రంగుతో గీత పెట్టాం, దాటకూడదు. మైకు గొట్టం వెనకే ఉండాలి, ముందుకు వస్తే కీచుమంటుంది.

రైల్వే నుంచి నేర్చుకున్నది కూడా ఒకటి వాడాం. ప్లాట్‌ఫారం మీద ఒకే పెద్ద స్పీకరు పెట్టరు, దూరం దూరంగా చిన్న చిన్నవి చాలా పెడతారు. అప్పుడే దగ్గరున్నవాడికి చెవి పగలదు, దూరమున్నవాడికి మాట చెదరదు. మన దగ్గర ఉన్నది ఒక్కటే గొట్టం కాబట్టి దాన్నే మలుపు మలుపుకూ తీసుకుపోవాలి. ప్లాట్‌ఫారం మీద లాగే ముందు ఒక పిలుపు, వెంటనే అసలు సంగతి కాదు. "సంఘం నుంచి ఒక కబురు" అని చెప్పి మూడు లెక్కపెట్టే దాకా ఆగుతాం. ఇంట్లో మిక్సీ ఆపడానికి ఆ మాత్రం టైము కావాలి. తర్వాత పేరు, ఏ పేట, ఎన్ని గంటలకు, ఎక్కడికి రావాలి. అంతే. పొగడ్తలు వద్దు.

సంక్రాంతి తర్వాత మన టీచరమ్మ పోయినప్పుడు సెట్టు మొదటిసారి నిజంగా పనికొచ్చింది. స్టేషనులో కాగితం ఇచ్చి, తొమ్మిది చోట్ల ఆపి చెప్పాం. బ్రూస్‌పేట, మిల్లర్‌పేట, కౌల్ బజార్, అన్నీ కలిపి గంటన్నర. ఒక్కరూ కసురుకోలేదు. ఒక ముసలమ్మ గేటు దాకా వచ్చి, "ఏ టీచరమ్మ? మా పాపకు ఒకటో తరగతి చెప్పినామేనా?" అని అడిగి, అప్పటికప్పుడే చెప్పులేసుకుని మనవడితో బయలుదేరింది. మధ్యాహ్నం అక్కడ ఆమెను చూసినప్పుడు ఆరు వేలూ అందులోనే తీరిపోయాయనుకున్నాం.

కానీ కటింగ్ మాస్టరు తాత రాలేదు.

టీచరమ్మ ఆయన పిల్లలకు కూడా చదువు చెప్పింది. రాకుండా ఉండే మనిషి కాదు. ఒంట్లో బాగలేదేమో అని సాయంత్రం ఆయన ఇంటికి పోయాం. మేడ మీద గది. మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు కుడుతున్నారు. మిషను చప్పుడు గదంతా నిండి ఉంది. మేము లోపలికి వచ్చిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు. భుజం మీద చెయ్యి వేసి సంగతి చెప్పాం. మిషను ఆపేశారు.

"పొద్దున మీ కింది మలుపులోనే చెప్పినాం తాతా, మైకులో" అన్నాం.

"అది మీరేనా? చెత్త బండి అనుకున్నా" అన్నారు.

కాసేపటికి ఆయనే మళ్ళీ, "పద్నాలుగు మెట్లు. ఒకరు పైకొచ్చి ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధేసింది. ఎవరి కోసమైతే ఈ పని మొదలుపెట్టామో ఆయనకే రెండోసారి కబురు అందలేదు. ఆయన ఇంటి కింద ఆపి, రెండు భాషల్లో చెప్పి, సరిగ్గా చెప్పామని సంతోషపడి ముందుకు పోయాం.

మరుసటి రోజే టీచరమ్మ వాళ్ళింటికి ఆయన్ని బండి మీద తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన ఏమీ మాట్లాడలేదు. దిగేటప్పుడు గొట్టం కట్టే క్లాంపును చేత్తో ఊపి చూసి, "గట్టిగానే కట్టినారు" అన్నారు.

ఇక లెక్క. ఆంప్లిఫయరు 1900, గొట్టం, యూనిట్ కలిపి 1450, మైకు 350, బ్యాటరీ 1050, చార్జరు 450, వైరు, ఫ్యూజు, స్విచ్చి 180, క్లాంపులు, బెల్టులు 300. మొత్తం 5680. మిగిలింది 320. అందులో 60 పెట్టి అట్ట వేసిన ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాం. 260 కోశాధికారికి తిరిగి కట్టాం, రసీదు ఉంది.

ఆ నోట్‌బుక్ గురించి చెప్పడానికే నిజానికి ఈ పోస్టు. అందులో ఇప్పటికి పదహారు ఇళ్ళు ఎక్కాయి. స్మార్టుఫోను లేనివాళ్ళు, చెవి సరిగా లేనివాళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు. ప్రతి పేరు పక్కన ఏ మేడ, ఎన్ని మెట్లు, ఏ వేళకు ఇంట్లో ఉంటారు, ఎదురింట్లో ఎవరు అని రాశాం. పార్సిలు బట్వాడా చేసినట్టు దారి వరసలో పెట్టాం. మైకు బండి మలుపులో ఆగినప్పుడు ఒకరు మైకులో చెబుతుంటే ఇంకొకరు ఆ వీధిలో నోట్‌బుక్కులో ఉన్న తలుపులు తట్టాలి. ఇకమీదట అదే పద్ధతి. మైకు వీధికి, మనిషి ఆ పదహారు ఇళ్ళకు.

పదిహేడో నంబరు దగ్గర మా ఇంటావిడ మా ఇంటి అడ్రసే రాసింది. పక్కన "ఎడమ చెవి" అని కూడా రాసింది. ముందు నవ్వాం. తర్వాత కొట్టేయబోయి ఆగాం. ఉండనివ్వండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

ఇక మీరు చేయాల్సింది రెండు పనులు. ఒకటి, మీ వీధిలో ఇలాంటి పెద్దవాళ్ళు ఉంటే పేరు, ఇల్లు మాకు చెప్పండి. గ్రూపులో అందరికీ కనపడేట్టు రాయకండి, ఒంటరిగా ఉండేవాళ్ళ వివరాలు బయట పెట్టకూడదు. ఇంటికి వచ్చి చెప్పండి, టీ తాగి పోవచ్చు. రెండు, తలుపు తట్టడానికి మనుషులు కావాలి. మా ఇద్దరికీ మోకాళ్ళు మునుపటిలా లేవు. కౌల్ బజార్ వైపు ఇద్దరు కుర్రవాళ్ళు ముందుకు వస్తే చాలు. 250 వాట్లు అడిగిన తమ్ముళ్ళు ఎవరైనా సరే. పద్నాలుగు మెట్లు ఎక్కగలిగితే చాలు.